ఉద్దేశింపని హింస

ధర్మశాస్త్రము కొంత చదివినవాడని పేరుపడినవానిని పల్లెలలో జనులడుగు ప్రశ్నలు చాలవరకు ముహూర్తములను గూర్చియో, అశౌచములను గూర్చియో యుండును. వానికి సమాధానము గ్రంథమున దొరకును. చెప్పినవానికి భారము లేదు. అట్లుగాక, సమాధానము చెప్పిన పిదప చెప్పినవానినే వెంటాడు ప్రశ్నలు కొన్ని కలవు. అటువంటి దొకటి కొన్ని సంవత్సరముల క్రిందట ఫాల్గుణమాసమున మా యింటి అరుగు మీదికి వచ్చినది. నేను చెప్పిన సమాధానము వినుటకు ఇంపుగా నుండెను. శాస్త్రవిరుద్ధమని ఎవ్వరును అనజాలరు. కాని దానివలన ఒక ప్రాణి చచ్చినది. ఆ వృత్తాంతమును భక్తమహాశయుల యెదుట చెప్పుకొని, ఆ ప్రశ్నమును మరల మొదటినుండి విచారింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది చిత్రావతీనదీ ప్రాంతమున ఒక చిన్న పల్లె. 2022లో జిల్లాను విభజించి శ్రీ సత్యసాయి జిల్లాను వేరుపరచినను, మా నోట ఇది నేటికిని అనంతపురపు కరువుసీమయే. నైరృతి మేఘములు పడమటి కనుమలలో తమ భారమును దించుకొని వచ్చును. ఈశాన్య మేఘములు సముద్రతీరమునకు సమీపముననే దించుకొనును. మాకు మిగులునది ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటు. అందుచేతనే విజయనగర ప్రభువుల కాలమునుండి నేటిదాక ఈ సీమవారికి చెరువే ప్రాణము. బుక్కపట్టణము, ధర్మవరము, సింగనమల, బుక్కరాయసముద్రము అని ఊరిపేరు చెప్పగానే మావారికి ముందు చెరువు కన్నులకు గట్టును, తరువాతనే ఊరు.

చెరువులలో నీరున్న యేడు పక్షులు వచ్చును. లేపాక్షికి దాపున, చిలమత్తూరు మండలమున వీరాపురమను గ్రామము కలదు. శీతకాలపు చివర ఎర్రకాళ్ళ కొంగలు ఆ యూరికి వచ్చి, ఇండ్ల నడుమ నున్న చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని, వర్షాకాలమున తరలిపోవును. గ్రామస్థులు వానికి కీడు తలపెట్టరు. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల వలె వానిని చూచుకొందురు. లేపాక్షి యనగానే శ్రీరాముడు జటాయువును “లే పక్షీ” యని పిలిచిన చోటని పెద్దలు చెప్పుకొను కథ ఎవరికి గుర్తు రాదు? ఒక పక్షికి కుమారుడు తండ్రికి చేసినట్లు అగ్నిసంస్కారము చేసిన స్వామి నడచిన నేల యని మేము తలంచు సీమ యిది.

కొంగలు మేతకై చుట్టుప్రక్కల చెరువులకు పోవును. వాని మేత విధము వింతయైనది. లోతులేని నీటిలో మెల్లగా నడచుచు, ముక్కును సగము తెరచి నీటిలో నుంచి, కాలితో బురదను కదలించి, ముక్కునకు తగిలిన చేపను పట్టుకొనును. కంటితో వెదకుట తక్కువ, స్పర్శతో వెదకుట ఎక్కువ. కాలి క్రింద నేమున్నదో దానికి తెలియదు. ఈ సంగతి ఇక్కడ ఏల చెప్పితినో ముందు తెలియును.

ఆ ఫాల్గుణమున మా చెరువు కుంచించుకొనిపోయి నడుమ నొక మడుగు మాత్రము మిగిలెను. చెరువు అంచున ఒక రైతు బోరునీటితో వేరుసెనగ వేసియుండెను. కాయ ఊరువేళకు అడవిపందులు రాత్రులయందు వచ్చి సాళ్ళకు సాళ్ళు పెల్లగించినవి. చెవులపిల్లులు లేతమొక్కలను కొరికినవి. అప్పు తెచ్చి విత్తినవాడు. అతని బాధ బాధయే. మోటారుసైకిలు క్లచ్ తీగెతో ఉచ్చులు చేసి, పందులు నీటికి దిగు దారిలో, తుంగలో మేకులు కొట్టి కట్టెను. మూడవనాటి యుదయమున ఒక ఉచ్చులో పందికి బదులు ఎర్రకాళ్ళ కొంగ యుండెను. సాయంకాలము చిక్కినదేమో, రాత్రియంతయు కొట్టుకొని చచ్చినది. తీగె ఎముకదాక దిగియుండెను.

అతడు భయపడి నాయొద్దకు వచ్చెను. “సామీ, నేను పందికని పెట్టినా గానీ కొంగకని పెట్టలేదు. దీని పాపం నాకు తగులుతుందా?” అని యడిగెను.

“నాయనా, నీవు దానిని చంపవలెనని తలంపలేదు కదా. తలంపు లేనిచోట పాపము స్వల్పము. స్నానము చేసి స్వామినామము నూటయెనిమిది మారులు చెప్పుకొనుము” అంటిని. అతని ముఖము తేటపడినది. నమస్కరించి వెళ్ళిపోయెను. నాకును తృప్తి కలిగినది.

ఐదవనాడు మేకలు కాచు పిల్లవాడు పరుగెత్తుకొని వచ్చి, అదే చోట, అదే తీగెలో మరియొక కొంగ పడి చచ్చినదని చెప్పెను. ఈసారి రైతు నాయొద్దకు రాలేదు. వచ్చుట కవసరమేమి? మందు తెలిసినది కదా! స్నానమొకటి, నూటయెనిమిది నామములు. ఉచ్చు మాత్రము పెట్టినచోటనే యున్నది. దానిని తీయుమని నేను చెప్పనేలేదు.

ఆ రాత్రి గ్రంథములు ముందు పెట్టుకొని కూర్చుంటిని. నేను రైతుకు చెప్పినది మనుస్మృతి 11వ అధ్యాయములోని మాటకు ఛాయ. తెలియక చేసిన పాపము వేదాభ్యాసముచేత శుద్ధమగుననియు, తెలిసి చేసినదానికి వేరువేరు ప్రాయశ్చిత్తములు కలవనియు అచట నున్నది. నేను మొదటి సగమును పట్టుకొంటిని. అదే అధ్యాయమున మరికొంత ముందునకు పోయినచో హంసను, బలాకను, బకమును చంపినవాడు గోదానము చేయవలెనని విధి కనబడును. నీటిపక్షులను పేరుపేరున పిలిచి, ఒక్కొక్క ప్రాణమునకు ఒక గోవు వెలకట్టిన శాస్త్రమును చదివినవాడనై, కొంగ యొకటి పోయినది కదా యని తేలికగా మాటాడితిని.

ఇంకొక విషయము మన గృహస్థులందరును ఎరిగినదే. ప్రతి యింటను అయిదు వధస్థానములు కలవని స్మృతులు చెప్పుచున్నవి. పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోకలి, నీళ్ళకుండ. పొయ్యి వెలిగించు ఇల్లాలు చీమను చంపవలెనని వెలిగించునా? ఆమె యుద్దేశము పిల్లలకు అన్నము వండుట. ఐనను శాస్త్రము ఆ చోటును వధస్థానమనియే పిలిచినది. దానికి ప్రతిగా పంచమహాయజ్ఞములను నిత్యము చేయుమన్నది. ఉద్దేశము లేదు కనుక ఋణము లేదని అనలేదు. మఱి పొయ్యి లేక సంసారము సాగదు కాబట్టి నిత్యయజ్ఞముచేత ఆ ఋణము తీరును. నీటి అంచున క్లచ్ తీగె లేక సంసారము సాగదా? ఈ ప్రశ్నము రైతును నేనడుగలేదు.

ఇక శ్రీమద్రామాయణమునకు పోవుదము. ఉద్దేశింపని హింసను గూర్చి మనకున్న కథలలో దశరథుని కథను మించినది లేదు. యువరాజుగా నున్నప్పుడు వానకాలపు రాత్రి సరయూతీరమునకు పోయెను. నీటికి వచ్చు ఏనుగునో, ఎనుబోతునో, మరియే మృగమునో కొట్టవలెనని చీకటిలో పొంచియుండెను. కడవ మునుగు చప్పుడు ఏనుగు ఘీంకారమువలె వినబడినది. శబ్దమును బట్టి బాణము వేసెను. కూలినవాడు గ్రుడ్డి తల్లిదండ్రులకు నీళ్ళు తీసికొనిపోవ వచ్చిన మునికుమారుడు.

ఈ కథను పురాణము చెప్పునపుడు మనము శాపముమీదనే దృష్టి నిలుపుదుము. నేనును ముప్పది యేండ్లు అట్లే చెప్పితిని. ఆ రాత్రి చదివినపుడు కనబడినది వేరు. దశరథుని తప్పు బాణము వేయుటలోకన్న ముందుగనే, స్థలము నెన్నుకొనుటలో నున్నది. రేవు అందరిది. ఏనుగు వచ్చును, జింక వచ్చును, కడవతో మనుష్యుడును వచ్చును. అటువంటి చోట, కన్ను పనిచేయని వేళ, చెవిని నమ్మి బాణము విడిచినవాడు ‘నేను ఏనుగు ననుకొంటి’ ననుట నిజమే యైనను, ఏనుగే యగునని అనుకొనుటకు అతనికి హక్కెక్కడిది? వృద్ధముని యేమనెనో చూడుడు. నీవే వచ్చి చెప్పినావు కనుక, తెలియక చేసినావు కనుక బ్రతికితివి, లేకున్న రఘువంశమే నిలువక పోయియుండునని యతని మాటల తాత్పర్యము. తెలియమి ప్రాణమును నిలిపినది. పుత్రశోకమును మాత్రము ఆపలేదు. రాముడు అడవికి పోయిన ఆరవ రాత్రి దశరథుడు ఈ కథ నంతయు కౌసల్యకు చెప్పి ప్రాణము విడిచెను.

దశరథునికైనను బాణము చేతినుండి వెడలిన క్షణమున తాను అచటనే యుండెను. ఏడుపు విని పరుగెత్తి పోయెను. ఉచ్చు పెట్టినవాడు ఇంటికి పోయి నిద్రించును. అతని చేయి మాత్రము తుంగలో కాచుకొనియుండును. ఆ చేతికి కన్నులు లేవు, చెవులు లేవు, జాలి లేదు. ముందు వచ్చినదాని కాలిని పట్టుకొనును. అట్టి చేతిని చేసి విడిచినవాడు ‘నేను చూడలేదు’ అనుట ఎట్లు చెల్లును? చూడని పరికరమును చూచి చూచి ఎన్నుకొన్నది అతడే కదా.

కాలక్షేపమునకు వచ్చు మిత్రుడొకడు ఇది విని గట్టి ఆక్షేపణ తెచ్చెను. కిష్కింధాకాండమున వాలితో మాటాడునపుడు శ్రీరామచంద్రుడే, మనుష్యులు వలలతోను, పాశములతోను, మాటున నుండియు మృగములను పట్టుచుందురని చెప్పలేదా? స్వామి నోట వచ్చిన దానిని తప్పనుటకు మీరెవరు? అనెను. ఆక్షేపణ మంచిదే. కాని స్వామి అచట చెప్పినది పట్టదలచిన మృగమును గూర్చి. ఆ వలలో దారిన పోవు వేరొక ప్రాణి పడినచో ఏమియగునను ప్రశ్నము అచట పుట్టలేదు. ఆ ప్రశ్నము పుట్టినది ఆయన తండ్రి జీవితములో. సమాధానమును అక్కడనే వెదకవలెను.

శ్రీవైష్ణవులకు మరియొక సందేహము కలుగవచ్చును, నాకును కలిగినది. భగవంతుని శరణుజొచ్చినవానికి పూర్వపాపములు నశించుననియు, ఉత్తరపాపములు అంటవనియు మన సిద్ధాంతము. నిజము. కాని ఆ అంటకపోవుట ప్రామాదికముగ, అనగా ఏమరుపాటున సంభవించిన వానికే యని శ్రీభాష్యమున స్పష్టముగ చెప్పబడినది. మొదటి కొంగ ప్రామాదికము. దానిని నేనిప్పటికిని అంగీకరింతును. రెండవ కొంగ అట్టిది కాదు. ఒకసారి చూచిన పిమ్మట అదే తీగె అదే తుంగలో నున్నచో, అది తెలియమి కాదు, తెలియకుండుటను కోరుకొనుట. ఈ రెండవదానిలో రైతుకెంత పాలో, నాకును అంత పాలు కలదు. నాది కొంచెము ఎక్కువయే యనుకొందును, నేను శ్రీభాష్యము చదివినవాడను కదా.

ఇచట కరువుసీమ మాట చెప్పవలెను. నీరు సమృద్ధిగా నున్న నాట ప్రాణులు చెల్లాచెదురుగా నుండును. పంది దిగు రేవు వేరు, కొంగ మేయు చోటు వేరు. మాకట్లు కాదు. చైత్రవైశాఖములు వచ్చుసరికి కోసుదూరమున నున్న ప్రాణులన్నియు ఒక్క మడుగును నమ్ముకొనును. పంది, చెవులపిల్లి, నక్క, ముంగిస, నీటికోడి, నీరుకాకి, కొంగ, మేకలు, వాని వెంట పిల్లవాడు, అందరిదీ ఒకటే దారి. తుంగలో చెవులపిల్లి చేసిన సందులోనే నీటికోడి దూరును. నీరు తగ్గినకొలది ఉచ్చు గురి తప్పుట పెరుగును. కావున ‘పందికని పెట్టితిని’ అను మాట గోదావరి సీమలో కొంత చెల్లునేమో కాని, ఫాల్గుణమున మా చెరువు అంచున చెల్లదు.

పైగా చెరువు ఎవరిదని పెద్దలు తలంచిరి? సప్తసంతానములలో దాని నొకటిగ లెక్కించిరి. భారతము ఆనుశాసనికపర్వమున భీష్ముడు తటాకఫలమును వర్ణించుచు, ఎవని చెరువులో గోవులును, మృగములును, పక్షులును, మనుష్యులును దప్పి తీర్చుకొందురో వానికి అశ్వమేధఫలము కలుగునన్నాడు. మనుష్యులతో పాటు పక్షులను ఆ వరుసలో చేర్చినాడు. అనగా త్రవ్వించినవాని పుణ్యము ఆ కొంగ త్రాగిన గ్రుక్కలో కొంత యున్నది. కడప సీమలో పోరుమామిళ్ళ చెరువుకడ 1369 నాటి శాసనము నేటికిని నిలిచియున్నది. జలదానమహిమను ఆ శాసనము కొనియాడుచున్నది. అట్టి పుణ్యము పుట్టు చోట ఉరిత్రాడు కట్టుట సత్రపు గుమ్మమున గొయ్యి త్రవ్వుట వంటిది.

వేటను మన సంప్రదాయము పూర్తిగ కాదనలేదని కొందరందురు. కనుమనాడు తిరుమలలో శ్రీవారికి పారువేట జరుగును. అహోబిలస్వామి పారువేటకై పల్లెపల్లెకు వేంచేయును. చూచినవారికి తెలియును, తిరుమల పారువేటలో ఈటె పడునది బొమ్మ మృగముమీద. ప్రాణి చావదు. విసరినవాడు యెదుట నిలిచి, చూచి విసరును. వేట యను పేరు నిలిపి హింసను తొలగించిన పెద్దల నేర్పు అది.

చట్టము మాటయు చెప్పవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున వేట యన్న మాటకు చంపుట మాత్రమే అర్థము కాదు. ఉచ్చు పన్నుట, వల వేయుట, ఎర చూపుట, అందుకు ప్రయత్నించుటయు వేటయే. అడవిపంది, చెవులపిల్లి, ముంగిస ఈ చట్టపు రక్షణలోనివే. పైరు పాడగునపుడు అధికారుల అనుమతి కోరు మార్గమును ఆ చట్టముననే యుంచిరి. తమకు తామే తీగెలు కట్టుకొనుటకు, అందునను విద్యుత్తు తీగెలు పరచుటకు ఎవరికిని హక్కు లేదు. విద్యుత్తు తీగెలకు మనుష్యులే బలియైన ఊళ్ళు మన రాష్ట్రమున కలవు. ముంగిస మాట వచ్చినది కావున ఒకటి. దాని వెండ్రుకలతో చేసిన కుంచెలకై దానిని పట్టి చంపుచున్నారు. దేవతాపటములు వ్రాయు చిత్రకారులు తమ కుంచె దేనితో చేయబడినదో అడిగి తెలిసికొనుట మంచిది.

ఇతరదేశములలో బొచ్చుకై జంతువులను పట్టువారు నేటికిని కలరు. ఉత్తర అమెరికాలో నీటి అంచున మింక్, మస్క్‌రాట్ అను జంతువులకు బోనులు పెట్టునపుడు బాతులు, నీటికోళ్ళు పడుట వారికిని సమస్యయే. ఎరను పైకి కనబడనీయరాదనియు, కనబడినచో ఆకాశమునుండి పక్షి దిగుననియు, బోనును మరుగుపరచి పక్షి దూరలేని చోట పెట్టవలెననియు, ప్రతిదినము పోయి చూడవలెననియు వారి పెద్దలు బోధింతురు. కాలిని పట్టు ఇనుపబోనులను ఐరోపా దేశములు 1991లో చేసిన చట్టముచేత 1995 నుండి మానిపించినవి. బొచ్చుకై చంపువారే ఇంత విచారించుచుండగా, ప్రతిప్రాణియు పరమాత్మకు శరీరమని నిత్యము అనుసంధించుకొను మనము విచారింపకుండుట వింతగా నున్నది.

ఉచ్చుల మాట విడిచినను, పొలముగట్లమీద ఎలుకలకు, పందికొక్కులకు బోనులు పెట్టుట రైతులందరు చేయు పనియే. అందునను ఈ వివేకము పనికివచ్చును. ఎలుక రాత్రి తిరుగును, నీటిపక్షులలో పెక్కు పగలు మేయును. చీకటి పడిన తరువాత కన్నము నోటనే బోను పెట్టి, వేకువకు ముందే తీసివేసినచో కొంగకు భయము లేదు. ప్రాణముతో పట్టు బోనులో పొరబాటున పడినదానిని విడిచిపెట్టవచ్చును. తీగెలో పడినదానికి ఆ భాగ్యము లేదు. చేపలకు వేసిన నైలాను వలలను నీరింకిన చెరువులో వదలిపోవుటయు ఇట్టిదే. మరుసటి యేడు నీరు వచ్చునప్పటికి ఆ వల ఎవరికి వేచియుండునో వేసినవానికే తెలియదు.

మరునాడు రైతు ఇంటికి నేనే పోతిని. నేను చెప్పినది తప్పని చెప్పితిని. అతడు ఆశ్చర్యపడి, పిదప నావైపు తేరిపార చూచి, “మరి నా చేను సామీ?” అనెను. ఆ ప్రశ్నమునకు మనుస్మృతిలో సమాధానము లేదు. ఉచ్చులన్నియు పీకించితిమి, తొమ్మిది వచ్చినవి. ఇంటింట పాత చీరలు పోగుచేసి చేనిచుట్టు కట్టితిమి. ముండ్లుండు కుసుమపైరును చుట్టును దట్టముగ వేసినచో పందులు లోపలికి జొరబడుటకు వెనుదీయునని వ్యవసాయశాఖవారు చెప్పుదురు. అది మరుసటి పంటకు గాని పనికిరాదు. మంచె వేసి రాత్రులు వంతులవారీగ కావలి కాయుటకు నలుగురు ఒప్పుకొనిరి. ఒక వంతు నేను తీసికొంటిని. పిల్లలు నవ్విరి.

నా వంతు రాత్రి రెండవజామున పందులు వచ్చినవి. డబ్బాలు మ్రోగించి అరచితిమి. పోయినవి కాని, పోవుచు రెండు సాళ్ళు తిని పోయినవి. తెల్లవారునప్పటికి నాకు మోకాళ్ళు పట్టుకొనిపోయినవి. మడుగుమీద పొగమంచు విడుచుచుండగా మూడు కొంగలు దిగి, ముక్కులు నీటిలో నుంచి, కాలితో బురద కదలించుచు, మేకులు పీకిన తుంగవైపే నడచినవి. రైతు చాలసేపు వానిని చూచి, నావైపు తిరుగకయే, “మొదటిది పడిన పొద్దే తీగ తియ్యమని చెప్పింటే తీసేసుందును సామీ” అనెను.

నేను బదులు చెప్పలేదు. మంచె దిగుటకు అతడు చేయి అందించెను.